గంజి పెట్టిన లేసు

పొద్దున్నే అరుగు మీద కూర్చున్న అప్పాజీకి, గిన్నెలో అన్నం రాత్రి పెట్టింది పెట్టినట్టే కనబడింది. చేప తల కలిపిన అన్నం పండుగాడు వదిలెయ్యడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. అరటిచెట్టు మొదట్లో ఒళ్ళు ముడుచుకుని పడుకున్న కుక్క, పిలిస్తే తోకైనా కదపలేదు. కాసేపటికి పచ్చగా కక్కుకుంది.

"లావణ్యా, ఒకసారి ఇలా రామ్మా."

కోడలు పరుగెత్తుకొచ్చి వాడి పొట్ట మీద చెయ్యి వేసింది. వాడు మూలిగాడు. వంటింటి గుమ్మంలోంచి భార్య పాపాయి చూసింది గానీ, ఏమయిందని అడగలేదు. అత్తాకోడళ్ళకి నాలుగు రోజులుగా మాటల్లేవు.

పాపాయి సొంతంగా ఓ కొత్త పువ్వు ఊహించి పళ్ళెమంత లేసు అల్లింది. షావుకారుకి ఆ నమూనా నచ్చితే ఆర్డరు ఆవిడకే. గంజి పెట్టి నులకమంచం మీద ఆరేస్తే, సాయంత్రానికి లేదు. ఆ రోజే లావణ్య పాలకొల్లులో పుట్టింటికి వెళ్ళొచ్చింది. వాళ్ళమ్మా లేసులే అల్లుతుంది. అంతే, కోడలే పట్టుకెళ్ళిందని పక్కింటి సత్యశ్రీతో పాపాయి గోడ మీంచి అన్న మాట నరసాపురంలో ఆ వీధి చివరిదాకా పాకింది. కొడుకు హరిబాబు అరటిగెలల లారీతో ఒడిశా దారిలో ఉన్నాడు. ముప్పై ఏళ్ళు పంటు మీద జనాన్ని గోదారి దాటించిన అప్పాజీకి, ఇంట్లో మాత్రం ఏ ఒడ్డున ఆగాలో తెలియలేదు.

భీమవరం పశువుల డాక్టరు దగ్గరికి ఆటో మాట్లాడితే, ఎవరూ పిలవకుండానే పాపాయి కూడా ఎక్కి కూర్చుంది. ఎందుకో ఆయనకి అదీ అర్థం కాలేదు.

స్కానింగ్ చూసి డాక్టరు తల ఆడించాడు. "పేగులో ఏదో అడ్డుపడిందండి. ఇవాళే కొయ్యాలి. మందులతో కలిపి ముప్పై వేల దాకా అవుతుందండి."

"ఏం అడ్డుపడింది బాబూ?"

"కోస్తేగానీ తెలీదండి."

"ముప్పై వేలా? మా అమ్మ పోయినప్పుడు కూడా అంత కాలేదు" అంది పాపాయి.

లావణ్య చేతి గాజులు తియ్యబోయింది. "ఇవి తాకట్టు పెడదాం మావయ్యగారూ."

"గాజులెందుకు? పాలకొల్లు ఫోన్ చెయ్యమనండి. కొత్త నమూనా మీద ఆర్డర్లు బాగానే వచ్చుంటాయి" అంది పాపాయి, గోడ వంక చూస్తూ.

"వీధంతా చెప్పారు గానీ, నన్ను ఒక్కసారైనా అడిగారా అత్తయ్యగారూ? అడిగితే తియ్యలేదని చెప్పేదాన్నిగా."

"తీసినవాళ్ళు తీశామని చెప్తారా ఏంటి?"

లావణ్య కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బల్ల మీద పండుగాడు, చాలా రోజులకి ఆ రెండు గొంతులూ ఒకచోట వినబడ్డందుకో ఏమో, తోక కొన కొంచెం కదిపాడు. అప్పాజీ అది చూశాడు.

"కొయ్యండి బాబూ. కంటి ఆపరేషన్‌కని పోస్టాఫీసులో దాచుకున్నది ఉంది. రేపు తెచ్చి కట్టేస్తాను."

"మరి మీ కళ్ళో?" అంది పాపాయి.

"ఇప్పుడు చూస్తున్నది చాల్లే."

బయట బల్ల మీద ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో ఆయన. మధ్యాహ్నం తిరిగాక డాక్టరు స్టీలు పళ్ళెంతో వచ్చాడు.

"గండం గడిచినట్టేనండి. లోపల ఉన్నది ఇదీ."

దారం ముద్ద. పాపాయి దాన్ని కుళాయి కింద కడిగి అరచేతిలో పరిచింది. చిరిగిన అల్లికలోంచి ఒక రేకు, దాని పక్కన ఇంకో రేకు విచ్చుకున్నాయి. తన పువ్వే.

"గంజి..." అంది నెమ్మదిగా. "రోజూ వాడికి పోసేదీ ఆ గంజే. అన్నం వాసన వేసుంటుంది వెధవకి."

తర్వాత మొగుడి జేబులోంచి ఫోన్ తీసుకుంది.

"సత్యశ్రీ, లేసు దొరికిందే. మా పండుగాడి కడుపులో. నవ్వకు, విను. మా కోడలు తియ్యలేదు. అడక్కుండా నోరు పారేసుకున్నది నేను. ఆ మాట ఎవరెవరికి చెప్పావో, వాళ్ళందరికీ ఈ మాట కూడా చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పుకుంటాను."

లావణ్య మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో అప్పాజీకి తెలియలేదు.

పాపాయి వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూర్చుంది. తడి లేసు ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"పొద్దుట్నించీ ఏవైనా తిన్నావా అమ్మాయ్?"

"లేదత్తయ్యగారూ."

"విన్నారాండీ?" అని పాపాయి మొగుడి వైపు తిరిగింది. "ఇంకా కూర్చున్నారేంటి? వెళ్ళి ముగ్గురికీ ఇడ్లీ పట్రండి."

అప్పాజీ కళ్ళు తుడుచుకుని లేచాడు.