మ్యూజియం వెనక గదిలో స్టూలు

మ్యూజియం వెనక గదికి మంచి పేరు లేదు. దీపాలార్పాక అందులో ఎవరో మూలుగుతారని చెప్పుకునేవారు. ఆడదెయ్యమేనట. మరి, మూలిగేది మగదెయ్యమైతే ఈపాటికి ఎవరో ఒకరు వెళ్లి మంచినీళ్లిచ్చి ఉండేవారు!

అన్యాయాన్ని ఎదిరించినవాళ్ల మీద ప్రదర్శన పెట్టుకోమని కాలేజీ పిల్లలకి ఆ గదే ఇచ్చారు. అందులో ఓ మూల, పూర్వం బట్టల కొట్లో పనిచేసినావిడ కథ. పొద్దస్తమానం నిలబడే అమ్మాలన్న యజమాని ఎదుటే, ఓ రోజు స్టూలు లాక్కుని కూర్చుందావిడ. ఉద్యోగం పోయింది, స్టూలు మిగిలింది. పిల్లలు దాన్ని తెచ్చి చుట్టూ తాడు కట్టారు — ‘ముట్టుకోరాదు’.

తెల్లారితే ప్రారంభం. మగపిల్లలు అట్ట మీద తమ పేర్లు పైన రాసుకుని, టీ తాగొస్తామని వెళ్లారు. టీ తోటలకే వెళ్లినట్టున్నారు. మిగిలిన పనంతా ఒక్క పిల్ల నెత్తిన పడింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకా రాలేదేమని ఆ పిల్ల కోసం చూసేవాళ్లూ ఎక్కడా లేరు.

కరెంటు పోయింది.

చీకట్లో... కిర్రుమని చప్పుడు. ఆ వెనకే సన్నని మూలుగు — “అమ్మా...”

పిల్ల కత్తెర బిగించి పట్టుకుని, ఫోను వెలుగు అటు తిప్పింది.

తాడు లోపల... స్టూలు మీద... ఓ ఆడమనిషి. వాచిన కాళ్లు చాపుకుని.

“అరవకు తల్లీ!” గుసగుసగా అంది. “నేనే... గుమ్మం దగ్గర కాపలా ఉండే ఆయాని.”

“మరి... దెయ్యం?”

“నేనే పుట్టించా. మాకు కుర్చీ ఇవ్వరు. కూర్చుంటే పనిలోంచి తీసేస్తారు. దెయ్యాన్ని లేవమనేదెవరు? ఇన్నాళ్లూ నేల మీదే. మీ పుణ్యాన ఇవాళ స్టూలు దొరికింది.”

వరండాలో బూట్ల చప్పుడు. టార్చి వెలుగు గుమ్మం దాకా వచ్చి ఆగింది. సూపరింటెండెంటు.

“పిల్లలంతా వెళ్లిపోయారుగా... ఎవరది లోపల?”

ఆయా లేవబోయింది. కాళ్లు లేవనివ్వలేదు.

పిల్ల ఫోను ఆర్పేసింది. ఆమె పక్కనే నేల మీద కూలబడి, దెయ్యంలా ఏడుపందుకుంది.

టార్చి కింద పడింది. బూట్లు పరిగెత్తాయి... చప్పుడు దూరమైంది... ఆగిపోయింది.

“చాల్లే తల్లీ, వెళ్లిపోయాడు,” అంది ఆయా.

పిల్ల ఆపలేదు. ఆపడం చేతకాలేదు.