గడ్డ కింద చప్పుడు

సరస్సు గడ్డకట్టి పది రోజులైంది. గునపం దింపి చూస్తే జానెడు మందం తేలింది. శీతాకాలంలో మొదటి వల వేసే రోజు. వెర్నా రొట్టె కాల్చుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, తమ్ముడు ఐజాయా మంచుబండి వెనక ఎక్కింది.

రెండు దీవుల మధ్య ఇరుకులోంచే తెల్లచేప దిగుతుంది. ఆ చోటు మీద ఊళ్లో అందరి కన్నూ ఉంది. తండ్రి పోతూ పోతూ దాన్ని కొడుకుని కాదని అల్లుడు, వెర్నా మొగుడు సైలస్ చేతిలో పెట్టాడు. ఐజాయా నవ్వి ఊరుకున్నాడు. అతనిది ఎప్పుడూ నవ్వు మొహమే.

పోయినేడు ఇక్కడే పలచటి గడ్డ విరిగి సైలస్ నీళ్లలో పడ్డాడు. శవం దొరకలేదు. పక్కన ఉన్నది ఐజాయా ఒక్కడే. "పడగానే పోయాడక్కా. కింద నుంచి ఒక్క దెబ్బ కూడా వినపడలేదు" అన్నాడు. ఏడాదిగా వెర్నా ఆ మాట పట్టుకునే నిద్రపోతోంది. మొగుడు పోతే పోయాడు, బాధపడకుండా పోయాడు. ఆ నమ్మకమూ పోతే ఆమెకింకేం మిగలదు.

కన్నం తవ్వగానే వెర్నా, వల వేసే ముందు అక్కడివాళ్లు చెల్లించే మొక్కుగా, చిటికెడు పొగాకు నీళ్లలో వేసింది.

"బావకేనా?" అన్నాడు ఐజాయా.

"నీళ్లకి."

"వెయ్యి, వెయ్యి. బతికున్నప్పుడూ నా పొగాకేగా పీల్చింది."

గడ్డ కింద వల వెయ్యడానికి ఇద్దరు కావాలి. జిగ్గర్ అని ఒక పలక, దానికో ఇనప చెయ్యి. కన్నంలోంచి దించి తాడు లాగితే ఆ చెయ్యి గడ్డను కింద నుంచి తన్ని పలకను ముందుకు తోస్తుంది. లాగినప్పుడల్లా ఒక దెబ్బ. పైన రెండో మనిషి గడ్డకు చెవి ఆనించి, ఆ చప్పుడు వెంటే వెళ్లి, తాడు అయిపోయిన చోట తవ్వి పలకను తీస్తాడు. తీశాక తాడు రెండుసార్లు గుంజుతాడు. అప్పుడు ఇవతల వాళ్లు తాడుకి వల కట్టాలి. వినడంలో ఐజాయాను మించినవాడు ఆ ఒడ్డున లేడు.

"గట్టిగా లాగక్కా. టీ దగ్గరున్న బలం తాడు దగ్గర లేదేం?"

"నువ్వు ముందు చెవిలో గుబిలి తీసుకో."

"నా చెవులకేం? దీవి అవతల ముసలాళ్లు నన్ను తిట్టుకునేది కూడా వినపడుద్ది."

వెర్నా లాగింది. టక్. మళ్లీ లాగింది. టక్. ఐజాయా వంగి, విని, నాలుగడుగులు నడిచి, మళ్లీ వంగుతున్నాడు. ఎండ తెల్లగా ఉంది కానీ వేడి లేదు. ఎక్కడా గాలి లేదు. కన్నంలోంచి పచ్చి చేప వాసన, ఇనుము వాసన వస్తున్నాయి.

చేతులు మొద్దుబారి ఆమె కాసేపు ఆగింది.

ఐజాయా ఆగలేదు. వంగాడు, విన్నాడు, నడిచాడు. తాడు ఆమె చేతిలో వదులుగా వేలాడుతోంది.

"ఒరే, నేను లాగడం లేదు" అని అరిచింది. అతను చెవి గడ్డ మీద పెట్టుకుని ఉన్నాడు. వినిపించుకోలేదు.

అప్పుడామెకూ వినపడింది. టక్... టక్... పాదాల కిందనుంచే.

పలచటి గడ్డకు గుర్తుగా పాతిన కొమ్మలు ఇరుకు మొదట్లోనే ఉన్నాయి. వినేవాడి చూపు కిందికే గానీ ముందుకు ఉండదు. ఐజాయా ఆ కొమ్మలు దాటేశాడు. వెర్నా గునపం పట్టుకుని వెనకే వెళ్లింది. పిలుద్దామనుకుంది. అంతలో కింద మళ్లీ టక్‌మంది.

అతను ఒకచోట నిలబడ్డాడు. తవ్వలేదు. జేబులు తడిమి సిగరెట్ ముట్టించుకున్నాడు. రెండు దమ్ములు లాగి, ఎప్పుడూ అలవాటే అన్నట్టు, పాదాల మధ్యకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"పోయినేడు ఇంతసేపు కొట్టలేదు కదరా బావా..."

 వెర్నా ఏడాది నిద్ర ఒక్క మాటతో పోయింది. సైలస్ కొట్టాడు. వీడు విన్నాడు. పైన నిలబడి, సిగరెట్ అయిపోయేదాకా విన్నాడు.

ఐజాయా వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"అక్కా..."

గడ్డ చిన్నగా విరిగింది. అంతే. మనిషి లేడు. నీళ్ల మీద సిగరెట్ తేలుతోంది.

ప్రవాహం అతన్ని మందపు గడ్డ కిందికి లాక్కుపోయింది. పిడికిళ్లతో కొడుతున్నాడు. వెర్నా ఆ చప్పుడు వెంట నడిచింది. సరిగ్గా దాని మీద ఆగింది. గునపం చేతిలోనే ఉంది. ఎత్తితే పది పోట్లు చాలు.

ఆమె ఎత్తలేదు. మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించింది. ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలియాలి. మొగుడికి ఎంతసేపు పట్టిందో తెలియాలి.

చాలాసేపు పట్టింది.

చప్పుడు ఆగాక లేచి కన్నం దగ్గరికి వచ్చింది. ఏడుపు రాలేదు. టీ పోసుకుంటే చల్లగా ఉంది. తాడు చుట్టుకుని ఇంటికి పోదామని చెయ్యి వేసింది.

అవతలి నుంచి తాడు రెండుసార్లు గుంజుకుంది.

ఆమె చేతులు, పాతికేళ్ల అలవాటున, వల కట్టేశాయి. వల కదిలింది... మెల్లగా, చిక్కు పడకుండా, తెలిసిన మనిషి లాగుతున్నట్టు నీళ్లలోకి జారిపోయింది. చివరి బెండు కూడా మునిగింది. మళ్లీ నిశ్శబ్దం.

వెర్నా తాడు పొడవు అడుగులతో కొలుచుకుంటూ అవతలి కొసకి నడిచింది. అక్కడ ఎవరూ తవ్వని కన్నం ఉంది. జిగ్గర్ పలక మంచు మీద తడితడిగా పడి ఉంది. పక్కనే తాడు చుట్ట, ఎడమ వైపుకి చుట్టి ఉంది. సైలస్‌ది ఎడమచెయ్యి వాటం.

ఆమె వంగి కన్నం అంచు తడిమింది. పైనుంచి తవ్విన కన్నం ఎప్పుడూ పైన వెడల్పుగా ఉండి, కిందికి పోయేకొద్దీ ఇరుకవుతుంది.

ఇది పైన ఇరుకుగా ఉంది. కిందే వెడల్పు.