మూత లోపలి బొట్టు

సర్వర్‌ను బెంగళూరు నుంచి తెచ్చిన డ్రైవరు చిన్నకణ్ణు శవం మారండహళ్ళి దగ్గర దొరికింది. సర్వర్ మాత్రం సీలు చెదరకుండా ధర్మపురి చేరింది.

బయటికి ఆ రహస్య ఆఫీసు విత్తనాల గోదాం. లోపల చీఫ్ గుణశేఖరన్ బ్రీఫింగ్ ముగించాడు.

"పది గంటలకు డేటాబేస్ ఎక్కిస్తాం. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లందరి పేర్లు. శత్రుముఠాకు కావలసింది అవే. సీలు ఒకసారి చూసి రా, మణీ."

ఏజెంట్ మణివణ్ణన్ ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ గదిలోకి వెళ్ళాడు. మేనక అప్పటికే అక్కడ ఉంది. నల్లకళ్ళద్దాలు, పట్టుచీర. ఆరేళ్ళుగా అతని జోడీ. ఆపరేటింగ్ సిస్టమ్ అతను ఎంచాడు: లినక్స్, దాని కోడ్‌లో ప్రతి లైనూ చదివి చూసుకోవచ్చని. హార్డ్‌వేర్ ఆమె ఎంచింది. ఆమె మాట మీద అతను రెండో ప్రశ్న వేయలేదు.

"ఏం మామా, ఇంకా నమ్మకం లేదా?" తెలుగులో అడిగింది. ఆఫీసులో ఆ భాష వాళ్ళిద్దరిదే.

"సీలు బాగుండాది."

మెషీన్ ముందు వైపు అతని చూపు ఆగింది. కుంకుమ బొట్టు.

మోటారు కొన్నా, ట్రాక్టరు కొన్నా వాళ్ళ ఇళ్ళలో బొట్టు పెట్టందే స్విచ్ వేయరు. బెంగళూరు ల్యాబ్‌లో అతనూ పెట్టాడు. ఆఫీసర్లు నవ్వుతారని మూత లోపల పెట్టాడు. బొట్టు పెట్టినానని ఫోన్‌లో చెప్పింది ఒక్క మేనకకే. ఎక్కడ పెట్టాడో చెప్పలేదు.

పెన్ను విప్పాడు. అందులోంచి స్క్రూడ్రైవర్ వచ్చింది. మూత లేపాడు. లోపల బొట్టు లేదు. మదర్‌బోర్డు మీద అతను ఎన్నడూ చూడని చిప్ ఉంది. మెషీనే మారింది.

"నువ్వా, మేనకా?"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

"నీ లినక్స్‌ను ఎవరూ తాకలేదు మామా. దాని కింద కూర్చున్నాము, అంతే."

"చిన్నకణ్ణు మన ఊరోడు."

"బండి ఇయ్యనన్నాడు."

స్పీకర్‌లో డేటాబేస్ ఎక్కించే కౌంట్‌డౌన్ మొదలైంది. ఐదు. నాలుగు.

"షట్‌డౌన్ చేసినా ఆ చిప్ నిద్రపోదు," అంది మేనక.

ఆ సంగతి అతనికి తెలుసు. కరెంటు తీగలు రెండూ అతని కాలి దగ్గర ఉన్నాయి. బూటుకు చుట్టి ఒక్క లాగు లాగాడు. ఆమె కాల్చింది. గుండు ఏసీలో దిగింది. ఒకటి, అంది స్పీకర్. సర్వర్ ఫ్యాన్లు అప్పటికే ఆగిపోయాయి.

చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన గార్డులు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. గుమ్మంలో తిరిగి చూసింది.

"బొట్టు యాడ పెట్టినావు మామా?"

మామా అన్న పిలుపు ఆమె గొంతులో ఇంకా మునుపటిలాగే ఉంది.

"కొత్త మెషీన్‌కు హార్డ్‌వేర్ ఎవరు ఎంచాలి?" అడిగాడు గుణశేఖరన్.

"ఎవరైనా ఎంచండి సార్. బొట్టు నేను పెడతాను. ఎక్కడని మాత్రం అడక్కండి."