హాస్టల్‌కి నలభై మార్కులు

ఆ ఆదివారం పొద్దున పరాయి దేశంలో, హౌగాంగ్‌లోని తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో అందరికంటే ముందు లేచింది కంప్యూటర్. దాని ముందు లుంగీ బనీనుతో కూర్చుని గోపీకృష్ణ ఆరు స్కూళ్ళకి మార్కులు వేస్తున్నాడు. మామూలుగా స్కూళ్ళు పిల్లలకి మార్కులు వేస్తాయి. కానీ గోపీకృష్ణ సాఫ్ట్‌వేర్ మనిషి. పాయా లేబర్‌లోని అతని ఆఫీసులో ఏది కొనాలన్నా ముందు ఒక పట్టిక గీస్తారు. ఒక్కో గుణానికి ఇన్ని మార్కులని పెట్టి, మొత్తం కూడి, ఎక్కువ వచ్చినదాన్ని కొంటారు. ఈ విద్య పెళ్ళిచూపులకి ముందే నేర్చుకోనందుకు మా ఆయన లోలోపల బాధపడుతుంటారని కమలాదేవి అందరికీ చెబుతూ ఉంటుంది.

కూతురు నిఖిలకి జనవరిలో పదమూడు నిండుతాయి. ఆరో తరగతి చివర దేశం మొత్తానికి పెట్టే పరీక్షలో రెండు వందల యాభై ఆరు మార్కులు తెచ్చుకుంది. ఇక ఆరు సెకండరీ స్కూళ్ళ పేర్లు వరసగా ఫారంలో రాసి రేపు ఇచ్చేయాలి. అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి బుకిట్ తిమా వైపున్న ఆడపిల్లల ఇండిపెండెంట్ స్కూలు. దాని ఫీజులు దానివి, నియమాలు దానివి. కిందటేడు కటాఫ్ రెండు వందల యాభై అయిదు. రెండోది ఇక్కడే హౌగాంగ్‌లో, బస్సెక్కితే పది నిమిషాల్లో ఉండే ప్రభుత్వ స్కూలు. అక్కడా ఏరి ఏరి తీసుకుంటారు గానీ కటాఫ్ కాస్త తక్కువ.

మూడు రోజులుగా గోపీకృష్ణకి కనపడ్డవాడినల్లా అడగడమే పని. ఒకరు ఇండిపెండెంట్ అయితేనే పిల్ల పైకొస్తుందన్నారు. ఇంకొకరు అక్కడ వేస్తే అందరూ మొనగాళ్ళే, మన పిల్ల చివరి బెంచీలో నలిగిపోతుందన్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు అనిపించింది. వినేకొద్దీ బుర్ర వేడెక్కిందే తప్ప దారి కనపడలేదు. పోనీ పట్టికనైనా నమ్ముకుందామంటే, అది ఎన్నిసార్లు కూడినా హౌగాంగ్ స్కూలునే గెలిపిస్తోంది. ఆఖరికి అతను మార్కులే మార్చాడు. బుకిట్ తిమా స్కూలు పైకొచ్చింది. హమ్మయ్య అనుకుని వెనక్కి వాలాడు గానీ, మొహంలో సంతోషం లేదు.

"డాడీ, ఇదేంటి?" వెనక నిలబడి పళ్ళు తోముకుంటున్న నిఖిల అడిగింది. "హాస్టల్‌కి నలభై మార్కులా? చదువుకి ఇరవై అయిదేనా?"

"హాస్టల్ ఉంటే మంచిది కదా."

"మనకి ఇల్లుంది కదా. హాస్టల్ దేనికి?"

"నీకు తెలీదు, వెళ్ళి మొహం కడుక్కో."

"నాట్ ఫెయిర్ లా," అంది నిఖిల ఇక్కడి పిల్లల యాసలో. "స్కూలుకెళ్ళేది నేను. నాకు మా క్లాసు నిదాతో పాటు ఇక్కడే చదవాలని ఉంది."

కమలాదేవి వంటింట్లోంచి వచ్చింది. "నాకూ అర్థం కావట్లేదండీ. మొన్నటిదాకా ఇంటి దగ్గరైతే పిల్ల అలిసిపోదన్నారు. ఇప్పుడేమో హాస్టల్ అంటున్నారు. హాస్టలున్న ఆ బుకిట్ తిమా స్కూలు మరీ దూరం కూడా కాదు, గంటలో వెళ్ళొచ్చు. అసలు మీ మనసులో ఏముంది?"

"ఏముంటుంది? పిల్ల బాగు."

అంతలో తలుపు తట్టి షహర్ బానో వచ్చింది. రెండంతస్తుల పైన ఉంటుంది, సొంతూరు హైదరాబాద్. ఆమె భర్త మొహ్సిన్‌దీ గోపీకృష్ణ ఆఫీసే. వాళ్ళమ్మాయి నిదా, నిఖిల ఒకే క్లాసు. చేతిలో ఖాళీ ఫారం పట్టుకుని కూర్చుంది.

"అన్నా, నువ్వు లెక్కలు మస్తు జేస్తవని మా ఆయన పంపిండు. నిదాకి ఏది రాయాల్నో జర చెప్పు. మాకైతే దిమాక్ పనిచేస్తలేదు. మీకైతే ఇంకా కష్టం గదా, మార్చిల మీ ప్రాజెక్టు బంద్ అయితున్నదాయె. ఉంటరో పోతరో తెల్వకుండ స్కూలెట్ల రాస్తరు, పాపం."

కమలాదేవి మొహం చూశాక షహర్ బానోకి తను చేసిన పని తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని ఏదో చెప్పి, ఫారం అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది.

"ఎన్నాళ్ళైంది మీకు తెలిసి?" అంది కమలాదేవి.

"అయిదు వారాలు. అమెరికాలో మా క్లయింటు చేతులెత్తేశాడు. ఇంకో ఉద్యోగం కోసం చూస్తూనే ఉన్నాను. కిందటేడు ఇంటికి ఫోన్ చేసి మరీ పిలిచినవాళ్ళు ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు."

"అయిదు వారాలు నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు. ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే నువ్వేం చేస్తావు? నువ్వూ నాతో పాటు దిగులు పడతావు. అందుకే ఈ దారి ఆలోచించాను. ఉద్యోగంతో పాటు వీసా పోయి మనం ఊరికి వెనక్కి వెళ్ళాల్సొచ్చినా అది హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. దాని సీటు పోదు."

అప్పటికి నిఖిలకి విషయం తలకెక్కింది. "అంటే మీరిద్దరూ వెళ్ళిపోయి నన్నిక్కడ వదిలేస్తారా?"

"వదిలేయడం కాదమ్మా. నేను నీకంటే చిన్నప్పుడే వెళ్ళాను. పదకొండేళ్ళకి పరీక్ష రాసి ప్రభుత్వ గురుకులంలో సీటు తెచ్చుకున్నాను. తాలూకా మొత్తానికి ముగ్గురికి వచ్చింది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. నాకేం తక్కువైంది?"

ఈ మాట గోపీకృష్ణ పాతికేళ్ళుగా అంటూనే ఉన్నాడు. మంచి స్కూలంటే ఇల్లు వదిలి వెళ్ళేదేనని అతని నమ్మకం. ఆ గురుకులంలో చదివిన వాళ్ళందరి నమ్మకమూ అదే. కమలాదేవి ఇన్నాళ్ళూ ఊరుకుంది. ఈరోజు ఊరుకోలేదు.

"ఏం తక్కువైందో నేను చెప్పనా? మామయ్యగారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీరు రెండు రోజులు ఆయన పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలీక రెండు రోజులూ పేపర్ చదివారు. ఆయన నన్ను పిలిచి అడిగారండీ, అబ్బాయికి కూరల్లో ఏదిష్టమమ్మా అని. కన్నతండ్రి కోడల్ని అడిగారు."

ఈ సంగతి గోపీకృష్ణకి తెలియదు. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా నాన్న తనకి కుర్చీ వేసి, ఆయన బల్ల మీద కూర్చోవడం గుర్తొచ్చింది. అది గౌరవం అనుకుని పొంగిపోయేవాడు. చుట్టాలకే అలా కుర్చీ వేస్తారని ఇప్పుడు తోచింది. కళ్ళు మండాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గేసి అలాగే కూర్చున్నాడు.

తర్వాత తమ ఫారం తీసి కూతురి ముందు పెట్టాడు. "నువ్వే రాయి నాన్నా."

"మార్చిలో మనం వెళ్ళిపోతే?"

"తెలీదమ్మా. నిజంగా నాకేం తెలీదు. ఇక్కడుంటామో, అక్కడుంటామో. ఎక్కడైనా ముగ్గురం ఉంటాం. అది మాత్రం చెప్పగలను."

నిఖిల మొదటి గీత మీద హౌగాంగ్ స్కూలు పేరు రాసింది. రెండో గీత దగ్గర ఆగి తల్లి వంక చూసింది. తల్లికీ తెలియదు. మిగతావి తర్వాత చూద్దాంలే అంది కమలాదేవి, భర్త కుర్చీ పక్కన కింద కూర్చుంటూ. ఆమె కోపం ఇంకా పోలేదు గానీ చెయ్యి మాత్రం అతని మోకాలి మీదే ఉంది.

నిఖిల పెన్ను కింద పెట్టింది. "డాడీ, నిన్ను హాస్టల్లో దింపేసి తాతయ్య వెళ్ళిపోయారు కదా. అప్పుడు నువ్వేం చేశావు?"

ఆ ప్రశ్న ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు. ఎన్నో ర్యాంకని అడిగారు, ఎక్కడ ఉద్యోగమని అడిగారు.

"గేటు దగ్గర నిలబడ్డాను," అన్నాడు గోపీకృష్ణ. "నాన్న వెనక్కి తిరిగి చూస్తే ఏడుద్దామనుకున్నాను. చూడలేదు."

"చూస్తే ఆయన కూడా ఏడుస్తారని భయమేమో," అంది నిఖిల.

పన్నెండేళ్ళ పిల్లకి తట్టినది తనకెందుకు తట్టలేదో గోపీకృష్ణకి అర్థం కాలేదు. గేటు దగ్గర ఏడవాల్సినదంతా అతను ఇప్పుడు ఏడ్చాడు.