పొయ్యి ఎక్కని వంట

ఆదివారం పొద్దున ఏడింటికే వంటింట్లో మిక్సీ రొద మొదలైంది. తాతయ్య పేపరు పక్కన పడేసి, కళ్ళజోడు సవరించుకుంటూ వెళ్ళి వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పేపర్లో ఉండేవి నిన్నటి సంగతులు, వంటింట్లో జరిగేది ఇవాళ్టిది అని ఆయన లెక్క.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు సరుకు తనిఖీ చేసిన మనిషి. గంటకోసారి బట్టీ దిగిన బిస్కెట్ ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచి, ఆ చప్పుడును బట్టి ఆ దఫా సరుకు బయటికి పోవాలో వెనక్కి పోవాలో చెప్పడం ఆయన ఉద్యోగం. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు. ఇంట్లో ఏది కొత్తగా కనిపించినా తాకాలి, విరవాలి, వాసన చూడాలి, ఎందుకలా అని అడగాలి. "మా నాన్నకి ప్రశ్నలే ఫలహారం" అంటాడు కొడుకు. ఆ కొడుకు సరుకు రైలు గార్డు. వారంలో నాలుగు రోజులు పట్టాల మీదే ఉంటాడు కాబట్టి ఆ ఫలహారం మనవరాలి వంతుకే వస్తుంది.

మనవరాలికి పంతొమ్మిదేళ్ళు, కాలేజీలో రెండో ఏడు. ఇంట్లో అందరూ పిడుగు అంటారు. అయిదడుగులైనా నిండని ఆ పిల్ల తనకంటే బరువైన ఇనుమును తల మీదికి ఎత్తుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అని తాతయ్య మురిసిపోతుంటాడు.

"పొయ్యి వెలిగించవేంటే?" అన్నాడు.

"దీనికి పొయ్యి అక్కర్లేదు తాతయ్యా."

"పొయ్యి ఎక్కకుండా గట్టిపడుతుందా? బట్టీ పక్కన చెమటలు కక్కి బతికినవాణ్ణి, నాకే కథలు చెబుతున్నావా?"

"కూర్చుని చూడు మరి."

పిడుగు వేరుశనగ గింజల ముద్దలో నానబెట్టిన ఖర్జూరాలు వేసి తిప్పింది. తేనె పోసింది, కోకో పొడి చల్లింది. తర్వాత పెద్ద డబ్బా మూత తీసి ప్రోటీన్ పొడి కొలిచి కలిపింది. ఓట్స్, గుమ్మడి గింజలు చివర్లో వేసి, ఆ ముద్దనంతా బటర్ పేపరు పరిచిన పళ్ళెంలో వేసి గాజు గ్లాసు అడుగుతో అదిమి అదిమి చదును చేసింది. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి ఇరవై ఎనిమిది ప్రోటీన్ బార్లుగా ముక్కలు కోసింది. రోజుకు నాలుగు, వారానికి సరిపడా.

"తడినంతా ఆ పొడే పీల్చుకుంటుంది తాతయ్యా. అందుకే గట్టిపడుతుంది."

తాతయ్య ఒక ముక్కను చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. టక్కుమనలేదు. కొంచెం సాగి, మెల్లగా విడిపోయింది. "ఓహో, దీని గుణం ఇదన్నమాట" అనుకుని ఆ సాగుడు వేళ్ళకు గుర్తుపెట్టుకున్నాడు.

అప్పుడే కోడలు హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంటూ వచ్చింది. ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు. ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా డ్యూటీ. గట్టు మీది డబ్బా వైపు ఓ చూపు చూసింది.

"ఆ డబ్బాలో ఏముందో దేవుడికే తెలియాలి."

"డబ్బా మీద రాసుందమ్మా. చదువుకో."

"నాకు టైం లేదు" అని కోడలు చెప్పులేసుకుంది. కూతురు ఆ ఇనుము ముట్టుకున్నప్పటి నుంచీ, అంటే రెండేళ్ళుగా, తల్లీకూతుళ్ళ మధ్య మాటలు ఇలాగే తెగిపోతున్నాయి. పిల్ల ఎత్తుతుంటే చూడటానికి కోడలు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

నాలుగు ఆదివారాల తర్వాత వెయిట్‌లిఫ్టింగ్ జట్టు ఎంపిక పోటీ. డెబ్బై అయిదు కిలోలు తల మీదికి ఎత్తితే పిడుగుకు జట్టులో చోటు దొరుకుతుంది. అప్పటికే డెబ్బై రెండు ఎత్తింది. ఇంట్లో ఎవరేమనుకున్నా, ఆ మూడు కిలోల మీదే పిల్ల ప్రాణమంతా ఉంది.

మరుసటి వారం బార్లు కొంచెం పొడిపొడిగా వచ్చాయి. ఆ పై వారం కత్తి పెడితే చాలు, రాలిపోయాయి. పిడుగు తేనె తగ్గిందనుకుంది. తాతయ్యకు మాత్రం చేతినిండా పని దొరికింది. ఓ రోజు చిన్న గిన్నెలో తేనె పెంచి చేసి చూశాడు. అంటుకుంది గానీ సాగలేదు. ఇంకో రోజు ఖర్జూరాలు మార్చాడు. మర్నాడు ఓట్స్ పొట్లం మార్చాడు. ఫ్యాక్టరీలో సరుకు పాడైతే అన్నీ ఒక్కసారే మార్చకూడదు, ఒక్కొక్కటే మార్చాలి, అప్పుడే దొంగ దొరుకుతాడు. గట్టంతా తేనె మరకలు చేసి కోడలి చేత తిట్లు తిన్నాడు గానీ దొంగ దొరకలేదు.

ఈలోగా పిల్ల వాడిపోతోంది. డెబ్బై రెండు ఎత్తిన చేతులు డెబ్బైకి వణికాయి. తర్వాత అరవై ఎనిమిది దగ్గరే జారిపోయింది. పోటీకి వారం ముందు, ఆదివారం పొద్దున ప్రాక్టీసుకు వెళ్ళకుండా మంచం మీదే కూర్చుంది.

"వచ్చే వారం నేను పోటీకి వెళ్ళను తాతయ్యా."

"అదేంటే?"

"నావల్ల కాదు. కోచ్ మేడం కూడా వచ్చే ఏడు చూద్దాంలే అంది. మధ్యాహ్నానికే నీరసం వచ్చేస్తోంది. ఏం తిన్నా రుచి కూడా తెలియట్లేదు. నా ఒంట్లో ఇంతే ఉంది కాబోలు."

ఆ మాట తాతయ్యకు గుండెలో గుచ్చుకుంది. లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ మార్చి చూడనిది ఒక్కటే మిగిలింది. డబ్బా మూత తీసి, పొడి చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రుద్దాడు. తడి పీల్చే పొడి అయితే వేళ్ళకు జిగురుగా అంటుకోవాలి. ఇది సుద్దలా జారిపోతోంది. నాలుక మీద వేసుకున్నాడు. వేయించిన గింజ వాసన. పిండి సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా! బార్లీ పిండి.

డబ్బా అమ్మినవాడు మోసం చేశాడా అనుకున్నాడు. కానీ మొదటి వారం బాగానే ఉందిగా మరి? ఇదే డబ్బా కదా?

కోడలు ఆ రోజు సెలవు పెట్టి బట్టలు మడతపెడుతోంది. తాతయ్య మామూలుగానే అడిగాడు. "ఏమ్మా, ఈ మధ్య పిల్ల చేసే బార్లు తేడాగా ఉంటున్నాయి, గమనించావా?"

"పొడి ఎప్పటిదే కదా మామయ్యగారూ!" అంది కోడలు గబుక్కున.

తాతయ్య పొడి మాటే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయింది కోడలి పని. ఆయన ఇంకేమీ అడగకుండా అలాగే చూస్తూ నిలబడ్డాడు.  కోడలు చేతిలో దుప్పటి రెండుసార్లు మడిచి మళ్ళీ విప్పింది. చివరికి లేచి, బీరువా కింది అరలోంచి ఒక గాజు సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది.

సీసా నిండా ఆ పొడే. దాని మీద చీటీ అంటించి ఉంది. చీటీ మీద తేదీ, బరువు, 'ఎండ తగలకుండా ఉంచాలి' అని గుండ్రటి అక్షరాలు. దొంగతనం చేసి కూడా సరుకుకు చీటీ రాసి భద్రం చేసిన మనిషిని చూస్తే తాతయ్యకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆ నవ్వు వెంటనే ఆరిపోయింది.

"ఎందుకు చేశావమ్మా ఈ పని?"

"భయమేసింది మామయ్యగారూ. కండల కోసమని ఏవేవో మందులు అడుగుతూ మా షాపుకి కుర్రాళ్ళు వస్తారు. అందులో ఒకడు ఇప్పుడు కిడ్నీల మందుల కోసం వస్తున్నాడు. ఇదీ అలాంటిదేనేమో అనుకున్నా. మొదట సగం మార్చా, తర్వాత మొత్తం మార్చేశా. బార్లీ మంచిదే కదా, ఏం కాదులే అని..."

"డబ్బా మీద రాసింది చదివావా?"

కోడలు తల దించుకుంది. "లేదు."

"రోజుకు వందమందికి మందు చీటీలు చదివి చెబుతావు. నీ కూతురు తినేది చదవలేదా?"

"తాతయ్యా, ఏం చదవలేదు?" అంటూ పిడుగు గుమ్మంలోకి వచ్చింది.

తాతయ్య కోడలి వైపు తిరిగాడు. "నేను చెప్పనమ్మా. ఇది నువ్వే చెప్పాలి."

కోడలు చెప్పింది. అటు తిప్పి ఇటు తిప్పకుండా, సీసా చేత్తో పట్టుకుని, మొత్తం చెప్పింది. పిడుగు ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది.

"రెండు వారాలు! రెండు వారాలుగా నేను నా ఒంటినే తిట్టుకుంటున్నానమ్మా. అద్దం ముందు నిలబడి నువ్వెందుకూ పనికిరావని నన్ను నేనే తిట్టుకున్నా. నువ్వు పక్క గదిలో ఉండి వింటూనే ఉన్నావా?"

"తల్లీ..."

"నేనేదో తప్పుడు మందు తింటున్నాననుకున్నావు. నన్నొక్క మాట అడిగితే పోయేదేముంది?"

"అడిగితే నువ్వు చెబుతావు" అంది కోడలు. "చెబితే నమ్మాల్సి వస్తుంది. మంచిదేనని తేలిపోతే వద్దనడానికి నా దగ్గర ఏం మిగులుతుంది? నీ వెనకాల రావాలి. ఆ ఇనుము నీ మెడ మీద పడుతుందేమోనని చూస్తూ నిలబడాలి. అది నావల్ల కాదే. నాకు భయం ఆ పొడంటే కాదు."

ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు కోడలు ఆగిపోయింది. తాతయ్యకూ కొత్తే. పిండి గుట్టు పట్టేశానని లోలోపల పొంగిపోయిన మనిషి, అసలు భయం ఎక్కడుందో కనిపెట్టలేకపోయానని సిగ్గుపడ్డాడు. పిడుగు తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తర్వాత కోడలు కళ్ళు తుడుచుకుని డబ్బా ముందు కూర్చుంది. షాపులో చదివినట్టే వేలు పెట్టి, అక్షరం అక్షరం పైకి చదివింది. బఠాణీ నుంచి తీసిన ప్రోటీన్, ఉప్పు, వెనిలా. అంతే. ఇంకేదైనా ఉందేమోనని డబ్బా తిప్పి అడుగు కూడా చూసింది.

"ఇంతేనా మామయ్యగారూ?"

"ఇంతేనమ్మా. కొండను తవ్వితే ఎలుక దొరికింది."

కోడలు లేచి డబ్బాలోని పిండి పారబోసి, తుడిచి, సీసాలో పొడి అందులోకి వంపింది. మందుల తక్కెడ లాంటి చిన్న కాటా బయటికి తీసింది. గింజలు, ఖర్జూరాలు, ఓట్స్ గ్రాము తేడా లేకుండా తూచింది. తూకంలో ఆవిడకు తిరుగులేదు గానీ ఏది ముందో ఏది వెనకో తెలియదు. అన్నీ కలిపేసి పొడిని చివర్లో గుమ్మరించింది. గిన్నెలో తెల్లటి ఉండలు కట్టాయి. గరిటెతో కుమ్మింది. ఉండలు ఇంకా పెద్దవయ్యాయి.

తాతయ్య నోరు విప్పబోయి ఆగిపోయాడు. కాస్త గట్టిగా దగ్గాడు. "అయ్యో, పొడి చివర్లో వేసేశావేంటమ్మా! ఉన్నదంతా పాడైపోతుందే!" అన్నాడు, మూసిన తలుపుకు వినబడేలా.

తలుపు తెరుచుకుంది.

"అలా కాదు" అంది పిడుగు. ఇంకా కోపంగానే ఉంది. వచ్చి గిన్నె లాక్కుంది. "ఓట్స్ కంటే ముందు పొడి వేయాలి. ఇప్పుడు రెండు చెంచాలు గోరువెచ్చటి నీళ్ళు పొయ్యి. మెల్లగా. ఒక్కసారే కాదమ్మా!"

"నీళ్ళెందుకు?"

"పొడి తడి పీల్చుకోవాలి కదా."

"పీల్చుకుంటే ఏమవుతుంది?"

పిడుగు తల్లి వైపు చూసింది. ఆ రెండేళ్ళలో ఆవిడ ఈ సంగతుల గురించి ఏదైనా అడగడం అదే మొదటిసారి. పిల్ల కోపం పోలేదు గానీ గొంతు మాత్రం దిగింది. చెప్పడం మొదలుపెట్టింది. కోడలు అడుగుతూనే ఉంది. అంత బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడతావా? జారితే ఎటు వదిలేస్తావు? మెడ మీద పడకుండా ఎలా తప్పుకుంటావు? పిడుగు వంటింటి మధ్యలో చీపురు కర్ర పట్టుకుని, ముందుకు ఎలా వదలాలో, వెనక్కి ఎలా గెంతాలో చేసి చూపించింది. కోడలు మూడుసార్లు మళ్ళీ చేయించుకుంది.

"పోటీ ఏ హాల్లో?" అని అడిగింది చివరికి.

"నేను వెళ్ళనన్నాగా."

"నువ్వు వెళ్ళకపోతే నేనొక్కదాన్నే వెళ్ళి ఏం చూడను?"

వారం రోజుల్లో బలం ఎంత వచ్చిందో, రెండు వారాల బార్లీ ఎంత తీసుకుపోయిందో ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ తప్పు తన ఒంటిది కాదని తెలిశాక పిల్ల నడక మారింది. తాతయ్య కళ్ళారా చూశాడు.

పోటీ రోజు హాల్లో తాతయ్య, కోడలు మూడో వరసలో కూర్చున్నారు. మొదటి ప్రయత్నంలో డెబ్బై రెండు లేచింది. రెండోసారి డెబ్బై అయిదు ఛాతీ దాకా వచ్చి కింద పడింది. ఆ చప్పుడుకు కోడలు ఉలిక్కిపడి తాతయ్య చెయ్యి పట్టుకుంది. పిడుగు మాత్రం వంటింట్లో చూపించినట్టే వెనక్కి గెంతి, చేతులు దులుపుకుంది.

చివరి ప్రయత్నం. పిల్ల కడ్డీ ముందు వంగగానే కోడలు గట్టిగా కళ్ళు మూసుకుంది. ఇనుము కదిలిన చప్పుడైంది. ఎవరో అరిచారు. తర్వాత హాలంతా ఊపిరి బిగబట్టినట్టు అయిపోయింది. కోడలు పడే చప్పుడు కోసం ఎదురుచూసింది. ఎంతకీ పడలేదు.

"ఏమైంది మామయ్యగారూ?"

తాతయ్య ఆవిడ భుజం తట్టాడు. "కళ్ళు తెరువమ్మా. ఇంకా పైనే ఉంది."

కోడలు కళ్ళు తెరిచింది. వెలుతురు మధ్యలో, నిటారు చేతుల మీద అంత ఇనుమును నిలబెట్టి, కదలకుండా ఉంది తన కూతురు. నిన్నమొన్నటి దాకా ఎత్తుకుని తిప్పిన పిల్ల. దించమనే సైగ కోసం చూస్తోంది. కోడలి కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి.

"దించమని చెప్పరేంటండీ! పిల్ల చేతులు నొప్పెడతాయి!" అని లేచి నిలబడి హాలంతా వినబడేలా అరిచింది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. సైగ వచ్చింది. కడ్డీ నేల మీద పడి దడదడలాడింది. ఈసారి కోడలు కళ్ళు మూసుకోలేదు.