లెన్స్ మూత

చీఫ్ టేబుల్ మీద సొట్టపోయిన అల్యూమినియం పెట్టె ఉంది. ఆ పెట్టెను మోసిన మోటార్‌సైకిల్ లోయలో ఉంది. నడిపిన ఏజెంట్ మార్చురీలో ఉన్నాడు.

"యాక్సిడెంట్ అని రిపోర్టు రాశారు," అన్నాడు చీఫ్.

"రాసేవాళ్లకేం పోయింది సార్," అంటూ గోరింక పెట్టె తెరిచాడు.

గోరింక అతని కోడ్ నేమ్. సర్వీసు పెరిగేకొద్దీ అతనికి శత్రువుల మీద కోపం తగ్గింది, సొంత డిపార్ట్‌మెంట్ మీద పెరిగింది. పెట్టెలో ఉన్న పొడుగు లెన్స్ తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల ఏదో గలగలమంది. అది లెన్స్ కాదు, మత్తు సూది పేల్చే తుపాకీ.

"స్ప్రింగ్ ఊడిపోయింది. మనవాడు నొక్కే ఉంటాడు. పేలి ఉండదు."

"ల్యాబ్‌లో ఎప్పుడూ ఫెయిల్ కాలేదు," అన్నాడు పక్కనున్న గాడ్జెట్ సెక్షన్ హెడ్. అతను ఎర్ర టై కట్టుకుంటాడు, జీవితంలో సైకిల్ కూడా తొక్కలేదు. "పైగా ఆ పెట్టె ఏనుగు తొక్కినా పగలదు."

"పెట్టె పగల్లేదండీ. లోపలివే పగిలాయి. ఇనప్పెట్టెలో గుడ్లు పెట్టి కొండ మీంచి దొర్లించండి, పెట్టెకేం కాదు."

చీఫ్ దగ్గి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఒక విదేశీ ముఠా, ఆఫ్‌రోడ్ ఫొటోగ్రఫీ క్యాంప్ అనే ముసుగులో కొండ ఎక్కబోతోంది. కొండ కింద రాడార్ స్టేషన్ ఉంది. అక్కడ సిగ్నళ్లని అడ్డుకునే జామర్లు ఉన్నాయి కాబట్టి, దాన్ని పేల్చడానికి వచ్చే శత్రువు డ్రోన్‌కి దారి తెలియదు. కొండ మీంచి ఎవరో లేజర్ మార్కర్‌తో స్టేషన్‌ని చూపించాలి. ఆదివారం సూర్యోదయానికి చూపిస్తారు.

"స్టేషన్ ఖాళీ చేయించండి," అన్నాడు గోరింక.

"చేయిస్తే ముఠా జారుకుంటుంది. మళ్లీ ఎక్కడ తేలుతుందో."

"ఆదివారం మార్నింగ్ షిఫ్ట్‌లో మా చెల్లెలు ఉంటుంది సార్."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నాను. క్యాంప్‌లో మనకో మనిషి ఉంది. కోడ్ నేమ్ చిలక. ముఠాలోంచి తనే వచ్చి మనతో కలిసింది."

"ఎప్పుడు?"

"మనవాడు పోయాక."

గోరింక నవ్వాడు. పిల్లి తనంతట తానే వచ్చి పాలకి కాపలా ఉంటానంటే చీఫ్ జీతం కూడా మాట్లాడేసినట్టున్నాడు.

ఎర్ర టై కొత్త పెట్టె ఇవ్వబోతే గోరింక పుచ్చుకోలేదు. కొత్త సూది లెన్స్‌ని ఉన్ని సాక్సులో దూర్చాడు, దాన్ని ఇంకో సాక్సులో దూర్చి స్లీపింగ్ బ్యాగ్ మధ్యలో చుట్టి వీపున తగిలించుకున్నాడు. డేరా, స్టవ్వు, గిన్నెలు మోటార్‌సైకిల్ వెనక ర్యాక్‌కి కట్టాడు. ర్యాక్ మీద ఉన్నదానికి ప్రతి గుంతా తగులుతుంది. ఒంటి మీద ఉన్నదాని దెబ్బ, ఫుట్‌రెస్టుల మీద నిలబడ్డవాడి మోకాళ్లు తింటాయి. కెమెరా ఛాతీ మీది సంచిలో పెట్టాడు. మూతలు పారేసుకోవడం ఫొటోగ్రాఫర్లకి పుట్టుకతో వచ్చిన రోగం కాబట్టి, తన కెమెరా మూతకి దారం కట్టి మెడలో వేసుకున్నాడు.

క్యాంప్‌లో చేరినవాళ్లని చూస్తే అతనికి ఒళ్లు మండింది. నెలజీతం పెట్టి బూట్లు కొన్నారు, బురద కనబడితే చుట్టూ తిరిగి వెళుతున్నారు. సూర్యాస్తమయాన్ని ఒక్కడూ కళ్లతో చూడలేదు. గైడ్ అయితే మరీ. నల్లకళ్లద్దాలు, బండి వెనక ఇంత వెండిరంగు కేసు, వాగు దాటిన ప్రతిసారీ ఒక ఉపన్యాసం.

చిలక అందంగా ఉంది. ఆ సంగతి ఆమెకి అందరికన్నా బాగా తెలుసు.

"ఈ వెలుగుకి ఏ లెన్స్ వాడతారు?" అంది స్టవ్ దగ్గరకొచ్చి. అది కోడ్.

"వెలుగు కాదు, దుమ్ము చూసి చెప్పాలి," అన్నాడు అతను. అది జవాబు.

ఆమె గొంతు తగ్గించింది. "మనం వెతికేది గైడ్‌నే. మార్కర్ ఆ వెండి కేసులో ఉంది. రేపు తెల్లవారగానే బండరాయి దగ్గర పట్టుకోండి. నేను వెనక కాపు కాస్తాను."

గోరింక తలూపాడు. కానీ ఆ రోజు వచ్చిన దారంతా అతని కళ్లు ఊరుకోలేదు. గైడ్ కేసు రాళ్ల మీద డప్పులా మోగుతూ వచ్చింది, గైడ్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చిలక మెడలోని ఖరీదైన కెమెరా పెట్రోల్ ట్యాంక్‌కి కొట్టుకుంటూ వచ్చింది, ఆమెకి చీమ కుట్టినట్టయినా లేదు. మండుటెండలో ఆమె వీపు మీది స్లీపింగ్ బ్యాగ్ మాత్రం దిగలేదు. చిన్న గులకరాయి ఎదురైనా ఆమె ఫుట్‌రెస్టుల మీద మోకాళ్లు వంచి నిలబడింది. పరుపుకి అంత మర్యాద ఎవరూ ఇవ్వరు.

తెల్లవారేసరికి గైడ్ బండరాయి దగ్గర కేసు తెరిచాడు. అందులోంచి మడతకుర్చీ తీసి వేసుకుని కూర్చున్నాడు. గోరింక అటు వెళ్లలేదు. చిలక డేరా వెనక్కి వెళ్లాడు.

ట్రైపాడ్ మీద ఒక పొడుగు లేజర్ గొట్టం లోయలోకి చూస్తోంది. పక్కనే చిలక. చేతిలో పిస్టల్ ఉంది.

"గైడ్‌ని పట్టుకుంటావనుకున్నాను," అంది. "మీవాళ్లు తెలివైనవాళ్లని పంపరే ఎప్పుడూ."

"మొదటివాణ్ని నువ్వే చంపావు."

"లెన్సులు వెనక పెట్టెలో వేసుకుని రాళ్ల మీద గెంతుతుంటే ఎవరికి అనుమానం రాదు? ఇదిగో, ఇలాంటి లెన్సే నా మీదకి ఎత్తాడు. నొక్కాడు, నొక్కాడు, పాపం." అతని చేతిలోని లెన్స్ చూసి ఆమె నవ్వింది. "మీ ఆఫీసు సామాను కొండ ఎక్కేసరికి చస్తుంది."

"ఇది ఆఫీసు పెట్టెలో రాలేదు. నా సాక్సులో వచ్చింది."

నొక్కాడు. సూది ఆమె మెడలో దిగింది. పిస్టల్ పేలింది కానీ గుండు గైడ్ మడతకుర్చీ కాలు విరగ్గొట్టి పోయింది.

ఆకాశంలో జుంయ్ మన్న చప్పుడు. డ్రోన్ వచ్చేసింది. గోరింక గొట్టం మీద స్విచ్ కోసం తడిమాడు. స్విచ్ లేదు, అంకెల తాళం ఉంది. తన్నితే లేజర్ అటూ ఇటూ ఊగి మళ్లీ ఎక్కడ ఆగుతుందో తెలియదు. కింద స్టేషన్ తెల్లగా, అగ్గిపెట్టెంత కనబడుతోంది. ఆ అగ్గిపెట్టెలో చెల్లెలు ఉంది. అతనికి నిజంగా భయం వేసింది.

చేయి మెడ దగ్గరకి వెళ్లింది. దారం తెంపి, మూత తీసుకెళ్లి గొట్టం మూతికి నొక్కాడు. టక్కున పట్టింది.

దారి తప్పిన డ్రోన్ లోయలో గుడ్డిగా ఒక చుట్టు తిరిగి అవతల బోడికొండకి కొట్టుకుంది.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. మిషన్ విజయం దృష్ట్యా డిపార్ట్‌మెంట్ బళ్లన్నిటికీ అల్యూమినియం పెట్టెలు బిగించాలట. కింద ఎర్ర టై సంతకం ఉంది.

ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "క్యాంపింగ్‌కి వెళ్లావటగా అన్నయ్యా. ఆదివారం మా దగ్గర ఏదో కొండ మీద చప్పుడయింది. అంతకుమించి ఒకటే బోరు. అంత కెమెరా మోసుకెళ్లావు, ఒక్క ఫొటో పంపలేదేం?"

"మూత తియ్యడం మర్చిపోయానే," అన్నాడు గోరింక.

"నీ మొహం. నీకు కెమెరా దండగ."