నొప్పి లేని కాలు

కంచరపాలెంలో ఆ రెండు గదుల ఇంట్లో ఇడ్లీలు ఇంకా ఉడుకుతుండగానే ప్రేమలీల స్పానరు పట్టుకుని కూతురి మంచం పక్కన మోకరించింది. రోజలిన్ కుడికాలి చుట్టూ ఉక్కు రింగులు, వాటిని కలుపుతూ కడ్డీలు, కడ్డీలకు నట్లు. చిన్నప్పుడు విరిగి సరిగా అతకని ఎముక పొట్టిగా ఉండిపోతే, డాక్టరు దాన్ని కోసి ఈ సరంజామా బిగించాడు. రోజూ నట్లు కాస్త కాస్త తిప్పుతూ ఉంటే కోసిన ముక్కలు మెల్లగా దూరమవుతాయి, మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. తిప్పే పని తల్లిది.

మొదట్లో పిల్ల కేకలకి ఇరుగుపొరుగు గుమ్మం దాకా వచ్చేవారు. అప్పుడు ప్రేమలీలే ప్రార్థన చేస్తూ తిప్పుదామంది. అందరూ కళ్లు మూసుకునేవారు. చిత్రంగా రోజలిన్ మూలగడం మానేసింది. పోయిన ఆదివారం చంకకర్రల మీద నిలబడి, ప్రార్థనతో నొప్పి పోయిందని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. తండ్రి ఐజాక్ పొంగిపోయి కనిపించిన వాళ్లందరికీ ఆ మాటే చెప్పుకున్నాడు.

ఆ ఉదయం ఇడ్లీలు తిని ఆసుపత్రికి వెళ్తే, ఎక్స్‌రే చూసి డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. ఎముక పెరగలేదు, కోసినచోటే గట్టిపడి అతుక్కుపోయింది. మళ్లీ కొయ్యాలి. రోజూ తిప్పుతున్నారా అని ఆయన అడిగేసరికి ఐజాక్‌కి ఒళ్లు మండింది. అతను పోర్టులో క్రేను నడిపే మనిషి, గొంతు చిన్నది కాదు. ఆపరేషన్ పాడుచేసి నెపం మా మీదకి నెడతారా అని లేచాడు, పేపర్లో వేయిస్తానన్నాడు. వరండాలో జనం పోగయ్యారు. ప్రేమలీల లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. ఇంకో క్షణం ఆలస్యమైతే ఆ డాక్టరు చొక్కా పట్టుకునేలా ఉన్నాడు మొగుడు.

"ఆయన్నేటీ అనకండి. నాను తిప్పలేదు."

ఐజాక్ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. చంకకర్రల మీదున్న రోజలిన్ తల్లి వైపు తిరిగింది.

"తిప్పితే పిల్ల పేణం పోతన్నట్టు అరిసేది. స్పానరు నట్టుకి ఆనించి ఊరుకునేదాన్ని. ఒక్క రోజే అనుకున్నాను, రోజూ అదే అయిపోనాది."

ఇంటికొచ్చాక రోజలిన్ తల్లి తెచ్చిన కంచం పక్కకి నెట్టేసింది.

"నాను సాక్ష్యం సెప్తన్నప్పుడు నువ్వు ఏడ్సినావు. సంతోషం అనుకున్నానమ్మా."

ప్రేమలీల ఆ కంచం తీసి గట్టు మీద పెట్టింది.

"దేవుడు నా మాట ఇన్నాడనుకున్నాను. ఇప్పుడు ఆళ్లందరికీ ఏటని సెప్పాలి?"

ఆ ప్రశ్నతో ప్రేమలీలకి తెలిసొచ్చింది. కూతురి నొప్పి చూడలేక మానేశాననుకుంది గానీ, తను తప్పించుకున్నది తన నొప్పినే. ఆ పిల్ల కాలునీ, నమ్మకాన్నీ కలిపి పాడుచేసింది.

"ఆదివారం నానే లేసి నిజం సెప్తాను. కొత్త ఆపరేషన్ అయ్యేక మీ నాన్న తిప్పుతాడు. నన్ను నమ్మొద్దు."

రోజలిన్ గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత చెయ్యి చాపి తల్లి చీర కొంగు పట్టుకుంది.

"నాన్నొద్దు. నువ్వే తిప్పు. నానెంత అరిసినా ఆపకు."

ప్రేమలీల మళ్లీ మంచం పక్కన మోకరించింది. ఆ రింగుల కాలి పక్కనే తల ఆన్చి, వెక్కివెక్కి ఏడ్చింది.